గేమ్ డెవలప్‌మెంట్ కోర్సుపై ఫిర్యాదు

హైదరాబాద్,
14-07-2025

డైరెక్టర్ గారికి,
అమీర్‌పేట బ్రాంచి.

విషయం: చెప్పిన శిక్షణ ఇవ్వనందుకు సగం ఫీజు వాపసు కోరుతూ.

అయ్యా,

నేను మీ దగ్గర 2024 ఆగస్టు నుంచి 2025 ఏప్రిల్ వరకు తొమ్మిది నెలల గేమ్ డెవలప్‌మెంట్ కోర్సు చేశాను. ఫీజు 1,45,000 రూపాయలు. చేరిన రోజు 25,000 కట్టి, మిగతాది నెలకు 10,000 చొప్పున 12 ఈఎంఐలు పెట్టుకున్నాం. మా నాన్న నల్గొండలో ఆటో నడుపుతారు. ఆఖరి ఈఎంఐ వచ్చే నెల కట్టాలి.

మే నెలలో మాదాపూర్‌లో ఒక చిన్న గేమ్ స్టూడియోకి ఇంటర్వ్యూకి వెళ్లాను. మీరు చేయించిన ప్రాజెక్టు చూపించాను. బంతి దొర్లుతూ నాణేలు ఏరుకునే ఆట. ఇంటర్వ్యూ చేసిన మేడమ్, ఇదే ఆట అంతకుముందు మీ విద్యార్థులు ఇద్దరు చూపించారని చెప్పారు. తర్వాత కోడ్ తెరిచి, బంతిని కదిలించే లైన్లు అప్‌డేట్‌లో (తెర మీద బొమ్మ మారిన ప్రతిసారీ నడిచే కోడ్ భాగంలో) కాకుండా ఫిక్స్‌డ్ అప్‌డేట్‌లో (ఒకే వ్యవధికి ఒకసారి నడిచే భాగంలో) ఎందుకు రాశావని అడిగారు. నాకు తెలియలేదు. బంతి కదలిక లాంటి ఫిజిక్స్ లెక్కలు ఫ్రేమ్ రేటుతో, అంటే సెకనుకు తెర మీద ఎన్ని బొమ్మలు మారతాయన్న దానితో సంబంధం లేకుండా, మామూలుగా సెకనుకు 50 సార్లు, ఒకే వ్యవధిలో జరుగుతాయని, ఫిక్స్‌డ్ అప్‌డేట్ వాటితో పాటే నడుస్తుందని ఇంటికి వచ్చాక చదివి తెలుసుకున్నాను. పది నిమిషాల్లో అర్థమయ్యే విషయం. క్లాసులో మాత్రం స్క్రీన్ మీద ఉన్నది చూసి టైప్ చేయమన్నారే తప్ప ఎందుకో ఒక్కసారీ చెప్పలేదు.

ఆ ప్రాజెక్టు, ఆటలు తయారుచేసే యూనిటీ ఇంజిన్ (సాఫ్ట్‌వేర్) సంస్థ తన లెర్న్ సైట్‌లో ఉచితంగా పెట్టిన రోల్ ఎ బాల్ పాఠమే. రంగులు మాత్రం మార్చారు. ఉచిత పాఠం చెప్పడం తప్పని నేను అనను. మా బ్యాచ్‌లో 22 మందికీ దాన్నే "సొంత ప్రాజెక్టు" అని పోర్ట్‌ఫోలియోలో పెట్టించడం తప్పు. ఈ రంగంలో సర్టిఫికెట్ కంటే ముందు చూసేది మనం చేసిన ఆటనే. అందరిదీ ఒకే ఆటైతే ఎవరినని తీసుకుంటారు?

మీరిచ్చిన నోట్స్‌లో స్క్రిప్టింగ్ (ఆటకు కోడ్ రాయడం) అధ్యాయాలు యూనిటీస్క్రిప్ట్ అనే యూనిటీ పాత కోడింగ్ భాషలో ఉన్నాయి. దాన్ని ఆపేస్తున్నట్టు యూనిటీ 2017లోనే ప్రకటించింది. 2024లో చేరిన మాకు ఆ కాగితాలు ఎలా పనికొస్తాయి? బ్రోచర్‌లో అన్‌రియల్ ఇంజిన్ (యూనిటీ లాంటిదే మరొకటి), సీ ప్లస్ ప్లస్ ప్రోగ్రామింగ్ భాష అని రాశారు. ల్యాబ్ కంప్యూటర్లలో గ్రాఫిక్స్ కార్డు లేదు. అన్‌రియల్‌ను నాలుగు క్లాసులు ప్రొజెక్టర్ మీద చూపించి ముగించారు. కోడ్‌లో ఎవరు ఏం మార్చారో గుర్తుంచుకుని అందరి పనినీ కలిపే గిట్ అనే సాధనం పేరు కూడా ఎత్తలేదు, నలుగురు కలిసి ఒక ఆట మీద పని చేయాలంటే అలాంటిది లేకుండా చాలా కష్టం. నూటికి నూరు శాతం ప్లేస్‌మెంట్ అన్నారు కదా, నాకు చూపించింది టెలికాలర్ ఉద్యోగం. వద్దంటే "ప్లేస్‌మెంట్ నిరాకరించారు" అని నా ఫైల్లో రాసుకున్నారు. అది నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది.

సీ షార్ప్ అనే ప్రోగ్రామింగ్ భాష చెప్పిన సారు మాత్రం నిజాయతీగా చెప్పారు. సాయంత్రం ఆరు తర్వాత కూడా ఉండి డౌట్లు తీర్చేవారు. అందుకే మొత్తం ఫీజు అడగడం లేదు.

ఇంటర్వ్యూ తర్వాత నేనూ నా స్నేహితుడూ కలిసి గోడో అనే ఉచిత ఇంజిన్‌లో మా ఊళ్లో ఆడే పులి-మేక చేశాం. మూడు పులులు, పదిహేను మేకలు. పులి మేక మీదుగా దూకాలంటే అవతలి గడి ఖాళీగా ఉండాలి. ఈ ఒక్క నియమం సరిగ్గా పనిచేయడానికి మాకు పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజుల్లో నేర్చుకున్నంత మీ దగ్గర తొమ్మిది నెలల్లో నేర్చుకోలేదు. మీ క్లాసులో మాతో ఇలాంటి పని ఒక్కటైనా చేయించి ఉంటే ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు.

కాబట్టి ఫీజులో సగం, అంటే 72,500 రూపాయలు 15 రోజుల్లో తిరిగి ఇవ్వండి. నా ఫైల్లో రాసిన ఆ మాట తీసేయండి. ఇప్పుడు చదువుతున్న బ్యాచ్‌లో ఒక్కొక్కరితో ఒక్కో సొంత ఆట చేయించండి, గిట్ నేర్పించండి. ప్లేస్‌మెంట్ ప్రకటన ఆపేయండి. గడువులోగా జవాబు రాకపోతే 1915 నంబరు వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేస్తాను. అక్కడా తేలకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను.

ఇట్లు,
2024 ఆగస్టు బ్యాచ్ విద్యార్థి

జతపరచినవి: ఫీజు రసీదులు, బ్రోచర్, నోట్స్‌లోని స్క్రిప్టింగ్ పేజీల జిరాక్సులు.