ఎలిఫెంట్ బీచ్‌లో చెయ్యి పట్టుకున్న కడప అన్నకు

మాది అనంతపురం. చెరువు నిండితే చూడ్డానికి జనం గుంపులు కట్టి పోయే ఊరు. అలాంటిదాన్ని, పోయిన నెల అండమాన్ స్వరాజ్ ద్వీప్‌లో నడుం లోతు నీళ్లలో, స్నార్కెలింగ్ (మాస్క్ పెట్టుకుని, గొట్టంతో ఊపిరి పీలుస్తూ నీళ్లలోకి చూడ్డం) కోసం గొట్టం నోట్లో పెట్టుకుని వణికిపోతున్నాను. ముక్కుతో పీల్చబోయి ఉప్పునీళ్లు మింగాను కూడా.

"మాట చూస్తే సీమోళ్లే అనిపిస్తాంది. మాది కడప, భయపడొద్దక్కా" అంటూ వచ్చారు మీరు. మాస్క్ మసకబారకుండా లోపల ఉమ్మి రుద్ది కడగమన్నారు (ఛీ అనుకున్నా, పనిచేసింది). కాళ్లు దించితే పగడం విరుగుతుందని చెప్పి, చెయ్యి పట్టుకుని తీసుకెళ్లారు.

తల ముంచాను. టెన్షన్ ఏమైపోయిందో! మెదడు మడతల్లాంటివి, జింక కొమ్ముల్లాంటివి, ఎన్ని రకాల పగడాలో. నేను రాళ్లనుకున్నవన్నీ ప్రాణులట. వాటి ఒంట్లో కాపురముండే నాచే వాటికి తిండీ రంగూ ఇస్తుందని తర్వాత తెలిసింది. ఒక చిలుక చేప పగడపు దిబ్బను కొరుకుతుంటే కరకరమని వినబడింది, అచ్చం మా అవ్వ బొరుగులు నమిలినట్టు. నీళ్లలోనే నవ్వొచ్చి మళ్లీ రెండు గుక్కలు మింగాను.

ఒడ్డుకొచ్చి మా ఆయనకు చెప్పేలోపు మీరు వెళ్లిపోయారు. పేరైనా అడగలేదు. చాలా థాంక్స్ అన్నా. అనంతపురం వస్తే ఓళిగలు మా ఇంట్లోనే.