‘లేజర్’ అంటే సరిపోదు, ఏం చేస్తారో చెప్పాలి

సంపాదకులకు,

పరకాల దగ్గర ఎవుసం చేసే మా చిన్నాయనకు 61 ఏళ్లు. పోయినేడు ఒక రాత్రి మూత్రం బందైంది. హనుమకొండలో ఒక ప్రైవేటు దవాఖానలో పైపు వేసి, మూత్రాశయం కింద ఉండే ప్రొస్టేట్ గ్రంథి పెరిగిందన్నారు. ‘లేజర్ చేద్దాం, కోత ఉండదు, ఏ ఇబ్బందీ రాదు’ అన్నారు. సంతకం పెట్టించుకున్న కాగితం ఇంగ్లిష్‌లో ఉంది. మూత్రం ధార బాగుపడింది, అందులో మాకు ఫిర్యాదు లేదు. కానీ వీర్యం రావడం ఆగిపోయింది. తన పని అయిపోయిందనుకుని చిన్నమ్మతో మాటలే తగ్గించాడు. ఆరు నెలలకు పొలం గట్టు మీద నాతో చెప్పుకున్నాడు. (ఈ లేఖ సంగతి ఆయనకు తెలుసు, పేరు మాత్రం వద్దన్నాడు.)

ప్రొస్టేట్ లోపలి భాగం తీసేశాక మూత్రాశయం మెడ తెరుచుకునే ఉంటుంది. వీర్యం వెనక్కి మూత్రాశయంలోకి పోయి మూత్రంతో వెళ్లిపోతుంది. మగతనం పోయినట్టు కాదు. కరెంటు తీగతో గీకి తీసే టీయూఆర్‌పీ చేసినా, హోలెప్ అనే లేజర్ చేసినా ఎక్కువమందికి ఇంతే. ఈ రెండు ముక్కలు ముందే చెబితే ఆయన అన్నాళ్లు కుమిలేవాడా?

లేజర్ కూడా ఒక్కటి కాదు. హోలెప్‌లో పెరిగిన గడ్డను బత్తాయి తొక్క నుంచి గుజ్జు ఒలిచినట్టు తీసి, మూత్రాశయంలో ముక్కలు చేసి లాగేస్తారు. ప్రొస్టేట్ 80 గ్రాములు దాటితే ఒకప్పుడు పొత్తికడుపు కోసేవారు, వాళ్లకు ఇది నిజంగా వరమే. రక్తం తక్కువ పోతుంది, పైపు తొందరగా తీస్తారు. కాకపోతే చేయి బాగా తిరిగిన డాక్టర్ కావాలి. ఇంకో రకం లేజర్ కండను ఆవిరి చేస్తుంది. అందులో క్యాన్సర్ ఉందేమో చూడటానికి ల్యాబుకు పంపే ముక్క మిగలదు. చిన్నాయనది స్కానింగులో 45 గ్రాములు. ఆ సైజుకు టీయూఆర్‌పీ దశాబ్దాలుగా నిలబడిన పద్ధతి. ఇప్పుడు సెలైన్‌తో చేసే బైపోలార్ రకం వచ్చాక, రక్తంలో సోడియం పడిపోతుందన్న పాత భయం కూడా తగ్గింది. ఇవేవీ మాకు చెప్పలేదు, ఖర్చులో తేడా అసలే చెప్పలేదు.

ప్రొస్టేట్ సైజు, చేయబోయే పద్ధతి, వీర్యం సంగతి, ఖర్చు ఉన్న తెలుగు కాగితం ఒక్కటి చదివి వినిపించాకే సంతకం తీసుకోవాలని జిల్లా వైద్యాధికారులు అన్ని ఆస్పత్రులకూ ఆదేశించాలి. వరంగల్ ఎంజీఎం ప్రభుత్వ ఆస్పత్రి నుంచే మొదలుపెట్టవచ్చు. మా ఊళ్లో ఇంకో ఇద్దరు పైపుతో ఆపరేషన్ తేదీ కోసం చూస్తున్నారు.

– ఒక పాఠకుడు, హనుమకొండ