రాయకోట బొమ్మ కింద ఆ సంవత్సరం కూడా వేయండి

సంపాదకులు గారికి,

రెండు వారాల క్రితం మీ ఆదివారం అనుబంధంలో ఆంగ్లేయులైన డేనియల్ చిత్రకారులు గీసిన, హోసూరు దగ్గరి రాయకోట కొండ బొమ్మను అర పేజీకి వేసి, కింద 'ప్రశాంత భారతం' అని రాశారు. ఆ కొండను చూస్తూ పెరిగినవాణ్ణి. ఎవరైనా సరిదిద్దుతారేమోనని ఇన్నాళ్లూ ఎదురుచూసి, ఇక ఉండబట్టలేక రాస్తున్నాను.

థామస్ డేనియల్, ఆయన సోదరుని కుమారుడు విలియం మా ప్రాంతానికి వచ్చింది 1792లో. అంతకు ముందటి ఏడాదే రాయకోట కుంఫిణీ సైన్యం వశమైంది. 1792లో శ్రీరంగపట్నం ఒప్పందంతో మా చుట్టుపక్కల బారామహల్ సీమ అంతా మైసూరు పాలకుడు టిప్పు సుల్తాను చేజారింది. 3 కోట్ల 30 లక్షల రూపాయల పరిహారానికి హామీగా ఆయన కొడుకులిద్దరు బందీలుగా వెళ్లారు. కోట చేతికి చిక్కింది కాబట్టే దాని ఎదుట తీరిగ్గా కూర్చుని గీయగలిగారు. అదే ఏడాది కుంఫిణీ అధికారి కెప్టెన్ రీడ్, ఆయన కింద థామస్ మన్రో ఇక్కడి శిస్తు వ్యవహారాలు చేపట్టారు. తరువాత మన్రో దత్తమండలాలకు తీసుకెళ్లిన రైత్వారీ, అంటే రైతు నుంచే నేరుగా శిస్తు వసూలు చేసే పద్ధతి, ఇక్కడ మొదలైనదే. ఇంత జరుగుతున్న నేలను ప్రశాంతమని ఎలా అనగలం?

ఆ బొమ్మలు అందంగా లేవని నేను అనను. ముప్ఫై ఏళ్లు బడిలో డ్రాయింగ్ చెప్పినవాణ్ణి. అచ్చు తీయడానికి రాగిరేకును ఆమ్లంతో కొరికించి నీడలోని ఒక్కొక్క ఛాయనూ రాబట్టడం ఎంత ఓపిక పనో నాకు తెలుసు. ముందు చీకటిగా చెట్టు, గోరంత మనుషులు, వెనుక ఎండలో కోటో పాడుబడిన గుడో: ఈ అమరిక వాళ్లు ఇంగ్లండు నుంచి వెంట తెచ్చుకున్నది. అందులో మనుషులు కొండ ఎత్తు తెలియడానికే తప్ప, ఆ నేల మీద హక్కున్నవారుగా కనబడరు. 1795 నుంచి 1808 వరకు లండన్‌లో వెలువడిన వాళ్ల 144 అచ్చుబొమ్మలను కొన్నవారికి, గెలిచిన దేశం సద్దుమణిగి తమ కోసం ఎదురుచూస్తున్నట్టే కనిపించి ఉంటుంది.

ఈ పొరపాటు మీ ఒక్కరిదే కాదు. నేను చూసిన ఒక మ్యూజియంలో ఇలాంటి బొమ్మ పక్కన చిత్రకారుడి పేరు, కొలతలు తప్ప మరో ముక్క లేదు. అడిగితే చెప్పేవారూ లేరు. ప్రభుత్వ శాఖల క్యాలెండర్లలోనూ ఇదే తీరు. బడుల్లో డ్రాయింగ్ పీరియడు లెక్కల పాఠానికి పోయింది, ఇక బొమ్మను చదవడం పిల్లలకు ఎవరు నేర్పుతారు?

దయచేసి వచ్చే ఆదివారం అదే చోట ఆ వ్యాఖ్యను సవరించి, 1792 అన్న సంవత్సరాన్ని, అప్పుడు జరిగిన మూడవ మైసూరు యుద్ధం పేరును ప్రచురించండి.

— విశ్రాంత డ్రాయింగ్ మాస్టరు, హోసూరు