ఫ్రైస్ పేరు మార్చినందుకేనా ఆయన గుర్తుండాల్సింది?

సంపాదకుడు గారికి,

పోయిన ఆదివారం మీ అనుబంధంలో నాయకుల వింత చేష్టల మీద అరపేజీ వేశారు. అందులో వాల్టర్ జోన్స్ అనే అమెరికా కాంగ్రెస్ సభ్యుడి గురించి నాలుగు వాక్యాలు, పక్కన ఒక కార్టూను. ఇరాక్ యుద్ధానికి ఫ్రాన్స్ కలిసి రాలేదని కోపం వచ్చి 2003లో ప్రతినిధుల సభ క్యాంటీన్లో ఫ్రెంచ్ ఫ్రైస్ పేరును ఫ్రీడమ్ ఫ్రైస్ అని మార్పించాడని రాసి ఊరుకున్నారు. ఆ రోజే రాద్దామని కాగితం తీశాను. కోపంలో రాస్తే మాట తూలుతుందని ఇంట్లోవాళ్లు ఆపారు. ఐదు రోజులైనా కోపం తగ్గలేదు, అందుకే రాస్తున్నాను.

మీరు వేసింది అబద్ధమని నేను అనడం లేదు. ఆ మార్పు చేయించిన ఇద్దరు రిపబ్లికన్లలో ఆయన ఒకరు, ఇంకొకరు ఒహాయో సభ్యుడు బాబ్ నే. జోన్స్ నియోజకవర్గంలో బోఫోర్ట్ అనే ఊళ్లో ఒక హోటల్ వాళ్లు ముందు ఆ పని చేశారు, అది చూసి వాషింగ్టన్లోనూ చేయించారు. 2002 అక్టోబరులో యుద్ధానికి అనుకూలంగా ఓటు కూడా వేశారు. ఇదంతా నిజమే. ఆ తర్వాత జరిగింది మాత్రం మీరు ఒక్క ముక్క రాయలేదు. నా బాధంతా దాని గురించే.

యుద్ధం మొదలైన కొద్ది వారాలకే ఆయన క్యాంప్ లెజూన్లో ఒక సంస్మరణ సభకి వెళ్లారు. మెరీన్లనే అమెరికా సైనిక దళం వాళ్ల స్థావరం అది, ఆయన నియోజకవర్గంలోనే ఉంది. ఇరాక్‌లోని నాసిరియాలో చనిపోయిన ఒక సార్జెంట్ కోసం పెట్టిన సభ. అతను యుద్ధానికి వెళ్లాక ఇంట్లో కవలలు పుట్టారు, తండ్రి వాళ్ల మొహం కూడా చూడలేదు. భర్త రాసిన ఆఖరి ఉత్తరాన్ని భార్య అందరి ముందూ చదివింది. ఆ రోజు కారులో ఇంటికి వెళ్తూ జోన్స్ దారి పొడవునా ఏడ్చారు. అప్పటినుంచి ఇరాక్‌లో, అఫ్ఘానిస్తాన్‌లో చనిపోయిన సైనికుల ఇళ్లకి తన సంతకంతో ఉత్తరాలు పంపడం మొదలుపెట్టారు. ఆ ఉత్తరాలు 11 వేలు దాటాయి. వాటి మీద సంతకాలు తానే పెట్టారు. సరైన కారణం లేని యుద్ధానికి ఓటేశానని, ఆ తప్పుకి ఇది తన ప్రాయశ్చిత్తమని నోటితో చెప్పుకున్నారు. తన ఆఫీసు బయట వరండా గోడ పొడవునా చనిపోయినవాళ్ల ఫోటోలు పెట్టించారు, రోజూ వాళ్లని దాటుకునే లోపలికి వెళ్లేవారు.

సంతకం విలువ నాకు తెలుసు కాబట్టే ఇంతగా రాస్తున్నాను. మాది మిలిటరీ మాధవరం. ఇంటికొకరు ఫౌజులో ఉండే ఊరని జిల్లా అంతా ఎరుగుదురు. మా తమ్ముడు సరిహద్దులో డ్యూటీలో ఉండగా పోయి ఇరవై ఏళ్లు దాటింది. నెల తర్వాత ఒక ఆఫీసు నుంచి సంతాప లేఖ వచ్చింది. అందులో మా తమ్ముడి ఇంటిపేరు తప్పు. మా నాన్న అరుగు మీద కూర్చుని కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు చదివారు. తర్వాత వేలు తడి చేసుకుని కింద ఉన్న సంతకం మీద రుద్దారు. ఇంకు చెదరలేదు. అచ్చు వేసిన సంతకం. కాగితాన్ని మడిచి మా అమ్మకి ఇచ్చేసి పొలానికి వెళ్లిపోయారు. ఆ తర్వాత రావాల్సిన డబ్బు కోసం ఎన్ని మెట్లు ఎక్కామో, ఎన్నిసార్లు జిరాక్సులు ఇచ్చామో చెప్పడం మొదలుపెడితే మీ పేజీ చాలదు. ఎక్కడికి వెళ్లినా పాత గుమాస్తా బదిలీ అయ్యాడనేవారు, కొత్తాయనకి మళ్లీ మొదటినుంచీ చెప్పుకోవాల్సి వచ్చేది. ఇప్పటికీ ఏడాదికోసారి నాయకులు వచ్చి దండ వేస్తారు, ఫోటో దిగి ఐదు నిమిషాల్లో వెళ్లిపోతారు. మా అమ్మ కుర్చీ దగ్గర ఆగి పేరు అడిగినవాళ్లని నేను చూడలేదు.

అందుకే జోన్స్ గురించి నాకు తెలిసింది మీ పాఠకులకి చెప్పాలి. ఆయన 1943లో నార్త్ కరోలినాలోని ఫార్మ్‌విల్‌లో పుట్టారు. తండ్రి పేరు కూడా వాల్టర్ జోన్సే, డెమొక్రాట్, ఎన్నో ఏళ్లు కాంగ్రెస్‌లో ఉన్నారు. కొడుకు కూడా పదేళ్లు డెమొక్రాట్‌గానే రాష్ట్ర శాసనసభలో కూర్చున్నారు. 1992లో తండ్రి సీటు కోసం ప్రయత్నించి పార్టీ ప్రైమరీలోనే, అంటే అభ్యర్థిని ఎంచుకునే పార్టీ లోపలి ఎన్నికలోనే, ఓడిపోయారు. రిపబ్లికన్ పార్టీలోకి మారి 1994లో గెలిచారు. కండువా మార్చినవాళ్లని మనం ఇక్కడ రోజూ చూస్తున్నాం, మారాక కొత్త పార్టీ ఏం చెబితే దానికి తల ఊపడమే వాళ్ల పని. ఈయన అలా ఊపలేదు. సొంత పార్టీ అధ్యక్షుడు యుద్ధం నడిపిస్తుండగానే 2005లో తన పార్టీకే చెందిన రాన్ పాల్‌తోనూ ఇద్దరు డెమొక్రాట్లతోనూ కలిసి సైన్యాన్ని వెనక్కి రప్పించాలని తీర్మానం పెట్టారు. అదీ మెరీన్లు, మాజీ సైనికులు నిండిన నియోజకవర్గం నుంచి వచ్చి! అక్కడ చాలామంది ఆయన మీద మండిపడ్డారు. 2008లోనూ 2014లోనూ ప్రైమరీలో సొంత పార్టీవాళ్లే పోటీకి దిగారు. అయినా జనం ఆయన్నే గెలిపించారు. 2012 చివర సొంత పార్టీ స్పీకర్ బేనర్ హయాంలో ఆర్థిక సేవల కమిటీ నుంచి తీసేశారు. దానికీ లొంగలేదు.

అలాగని సంప్రదాయవాదం వదిలేసిన మనిషి కాదు. అబార్షన్ విషయంలో చివరిదాకా వ్యతిరేకమే. ప్రభుత్వం అప్పు చేయడమంటే అసలు ఒప్పుకునేవారు కాదు. 2017లో ట్రంప్ పన్నుల బిల్లుకి ఎదురు ఓటేసిన 12 మంది రిపబ్లికన్ సభ్యుల్లో ఆయనా ఉన్నారు, అప్పు పెరుగుతుందనే ఆయన అభ్యంతరం. తన తీరంలోని దీవుల్లో తిరిగే అడవి గుర్రాల రక్షణకి 1998లో చట్టం తెప్పించింది కూడా ఈయనే.

ఇంకో సంగతి. 2000 ఏప్రిల్‌లో అరిజోనాలోని మరానాలో ఆస్ప్రే విమానం కూలి 19 మంది మెరీన్లు చనిపోయారు. తప్పు పైలట్లదన్నట్టు అప్పట్లో చెప్పారు. చనిపోయిన ఆ ఇద్దరు పైలట్ల భార్యలు తమ భర్తల పేరు మీద మచ్చ తీసేయమని అడిగారు. జోన్స్ ఆ పని పట్టుకుని ఏళ్ల తరబడి వదల్లేదు. 2016లో రక్షణ శాఖ ఉపమంత్రి రాబర్ట్ వర్క్ ఆ ప్రమాదానికి పైలట్ల తప్పే కారణమని చెప్పలేమని రాతపూర్వకంగా ఒప్పుకున్నాకే ఆగారు. ఓట్లు తెచ్చిపెట్టే పని కాదు అది. మన దగ్గర చనిపోయినవాళ్ల పేరు బాగుచేయడానికి అన్నేళ్లు తిరిగే ఎంపీ ఎవరున్నారో మీరే చెప్పండి. బతికున్నవాడి రేషన్ కార్డులో పేరు సరిచేయించడానికే ఇక్కడ ఆరు నెలలు పడుతోంది.

ఫ్రైస్ గురించి కూడా ఆయన దాచుకోలేదు. అసలు అది జరగకుండా ఉంటే బాగుండేదని 2005లోనే అన్నారు. మరుసటి ఏడాది చడీచప్పుడు లేకుండా పాత పేరే మళ్లీ మెనూలోకి వచ్చింది. మీ నాలుగు వాక్యాల్లో దానికైనా చోటు దొరకలేదా?

ఒకప్పుడు మీ పేపర్లో విదేశీ వ్యవహారాల వ్యాసం వస్తే మా నాన్న ప్రపంచ పటం పక్కన పెట్టుకుని నాతో పైకి చదివించేవారు. ఊళ్ల పేర్లు తప్పు పలికితే మళ్లీ చదవమనేవారు. ఇప్పుడు ఫోన్లో తిరిగే జోకులే పేజీకెక్కుతున్నాయి. రాసేవాళ్లు ఇంకో పది నిమిషాలు కూర్చుని చదివితే ఈ మనిషి ఎవరో వాళ్లకే తెలిసేది.

2019 ఫిబ్రవరి 10న, సరిగ్గా తన 76వ పుట్టినరోజునే, వాల్టర్ జోన్స్ కన్నుమూశారు. నెల ముందు జబ్బుతో వాషింగ్టన్ వెళ్లలేకపోతే, డెమొక్రాట్ సభ్యుడు బటర్‌ఫీల్డ్ వచ్చి సభ్యుడిగా ప్రమాణం చేయించారు. వచ్చే ఆదివారం అదే పేజీలో ఆ 11 వేల ఉత్తరాల సంగతి వేయండి. కార్టూను అక్కర్లేదు. మా అమ్మకి చదివి వినిపిస్తాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
మిలిటరీ మాధవరం, పశ్చిమ గోదావరి జిల్లా