నీలం టిక్కులు పడుతున్నాయి, జవాబే లేదు

పర్లాకిమిడి,
డిసెంబరు 2025

చి. చిన్నాకు అమ్మ దీవించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. నువ్వూ క్షేమమనే తలుస్తున్నాను. తలచడం తప్ప వేరే దారి ఉంచావా?

పనిగట్టుకుని రాస్తున్నానని అనుకోకు, ఊసుపోక రాస్తున్నాను. చలి మొదలైంది. పొద్దెక్కినా మహేంద్రగిరి వైపు మంచు విడవడం లేదు. సుందరత్తకి మోకాళ్ళు మళ్ళీ తిరగబెట్టాయి. గవరమ్మ రెండిళ్ళు మానేసింది గానీ మనింటికి మాత్రం వస్తోంది. బుజ్జిగాడు స్కూల్లో ఎగ్జిబిషన్ ఉందని, అట్టతో సోహో (సూర్యుణ్ణి చూసే అంతరిక్ష నౌక) బొమ్మ చేసిపెట్టమని నా వెంట పడ్డాడు.

బరంపురం పెళ్ళిలో మీ రాజాబావ కనబడి, "చిన్నా సూర్యుడి మీద పరిశోధన వదిలేసి గెలాక్సీల్లోకి దూకేశాడటత్తా" అన్నాడు. నేను పట్టించుకోలేదు. రాజా మాటల్లో సగం తీసెయ్యాలని నాకు తెలియనిదా. మిగతా సగం దగ్గరే నిద్ర పట్టడం లేదు.

దూకితే తప్పని నేననను. నువ్వున్న పుణెలోనే రేడియో ఖగోళ కేంద్రం ఎన్‌సీఆర్‌ఏ వాళ్ళు, అంతరిక్షంలో ఉన్న వెబ్ టెలిస్కోపు చిత్రాల్లో అలకనంద అనే గెలాక్సీని పట్టారని పేపర్లో చదివాను. విశ్వానికి 150 కోట్ల ఏళ్ళ వయసప్పటికే రెండు చేతులు పొందిగ్గా తిప్పుకున్న సర్పిల గెలాక్సీ! అది చూస్తే ఎవరికైనా మనసు లాగుతుంది. అయితే మనసు లాగడం వేరు, పని మారడం వేరు. మొదటిదానికి అమ్మకి చెప్పక్కర్లేదు. రెండోదానికి చెప్పాలి.

పని తేడా నీకు నేను చెప్పాలా? సూర్యుడి దగ్గర కాంతి ఎక్కువై చస్తాం, గెలాక్సీల దగ్గర కాంతి చాలక చస్తాం. మన ఆదిత్య నౌకలో మీ సూట్ (సూర్యుణ్ణి అతినీలలోహిత కాంతిలో చూసే టెలిస్కోపు) ముందున్న థర్మల్ ఫిల్టర్ వచ్చిన వెలుగులో అర శాతం కూడా లోపలికి పోనివ్వదు. ఆ పిసరుతోనే 200 నుంచి 400 నానోమీటర్ల దాకా పదకొండు ఫిల్టర్లూ నడుస్తాయి. అటు జేడ్స్-జీఎస్-జెడ్14-0 అనే మహా దూరపు గెలాక్సీ వర్ణపటం కోసం వెబ్ పది గంటలకు దగ్గరగా ఒకే చోట గుడ్లప్పగించి చూసింది.

గెలాక్సీల వాళ్ళ లెక్క వినడానికి సులువుగానే ఉంటుంది. 121.6 నానోమీటర్ల కంటే పొట్టి తరంగాలను దారిలో హైడ్రోజన్ మింగేస్తుంది. విశ్వంతో పాటు కాంతి ఎంత సాగిందో చెప్పేది రెడ్‌షిఫ్ట్. దానికి ఒకటి కలిపి, వచ్చినదానితో ఆ అంచును గుణించాలి. ఆ జెడ్14-0కి మొదట వచ్చిన రెడ్‌షిఫ్ట్ 14.32, అంటే 15.32 రెట్లు, 1.86 మైక్రాన్లు (మైక్రాన్ అంటే వెయ్యి నానోమీటర్లు). 1.5 మైక్రాన్ల ఫిల్టర్లో ఏమీ ఉండదు, 2 మైక్రాన్లలో మచ్చ కనబడుతుంది. ఇంతవరకూ ఇంటర్ పిల్లలైనా చేస్తారు. (ఆ 14.32ని కూడా తర్వాత చిలీలోని ఆల్మా రేడియో టెలిస్కోపు ఆక్సిజన్ గీత పట్టి 14.18కి దించింది.) 2022లో సీర్స్-93316 అనే గెలాక్సీని రెడ్‌షిఫ్ట్ 16 పైనే అని ఎత్తేశారు. మరుసటేడు వెబ్‌లోని నిర్‌స్పెక్ పరికరంతో వర్ణపటం తీస్తే తేలింది 4.9! ధూళి పొట్టి తరంగాలను తినేసింది. ఆక్సిజన్ గీత సాగి 2.96 మైక్రాన్ల దగ్గరా, హైడ్రోజన్ గీత హెచ్-ఆల్ఫా 3.88 దగ్గరా పడి, పొడవు తరంగాల ఫిల్టర్లను ఉబ్బించాయి. చూసేవాళ్ళకి అచ్చంగా అంచులాగే ఉంది.

కాబట్టి నువ్వు మారావే అనుకో, కొలతలకి నమూనాలను ఫిట్ చేసేటప్పుడు రెడ్‌షిఫ్ట్‌ని 0 నుంచి 20 దాకా తిరగనివ్వు. శిఖరం ఒక్కటే రాసుకోకుండా, ఏ రెడ్‌షిఫ్ట్‌కి ఎంత అవకాశమో చూపే వక్రం మొత్తం దాచు. ధూళి నిండిన నమూనాలూ, బలమైన గీతలున్న నమూనాలూ రెండూ పెట్టు. మచ్చ ఏ ఎక్స్‌పోజర్‌కి ఆ ఎక్స్‌పోజర్‌లో ఉందో లేదో కళ్ళతో చూడు. ఒక్కదాన్ని పక్కనపెట్టి మళ్ళీ పేరిస్తే మాయమైందా, అది గెలాక్సీ కాదు, కాస్మిక్ కిరణం. పాఠం చెప్పకూడదనే కూర్చున్నాను, ఏం చెయ్యను.

ఇంకోటి. సూర్యుడికి వీపు తిప్పినంత మాత్రాన వదిలినట్టు కాదు. వెబ్ కూడా అయిదు పొరల తెర అడ్డం పెట్టుకుని వీపు తిప్పే కూర్చుంది. అయినా సూర్యుడి మీద జ్వాల రేగి ప్రోటాన్లు ఎగిశాయంటే అక్కడి డిటెక్టర్‌కీ దెబ్బలు తగులుతాయి. అందుకే అందులో పోగైన సంకేతాన్ని ఖాళీ చెయ్యకుండా మళ్ళీ మళ్ళీ చదువుతారు. వెలుగు వాలుగా పెరుగుతూ పోవాలి, మధ్యలో ఒక్కసారి మెట్టులా ఎగిరిందంటే ఆ మెట్టు కోసేసి మిగతా వాలు లెక్కగడతారు. ఇలాంటివన్నీ సూర్యుడి దగ్గర చెయ్యి తిరిగినవాడికి తొందరగా అబ్బుతాయి. అది నీకు కలిసొచ్చేదే.

బొమ్మ చేస్తూ బుజ్జిగాడికి సోహో కథ చెప్పాను. ఈ నెల 2తో అది ఎగిరి ముప్ఫై ఏళ్ళు నిండాయి. నీకు తెలిసిందే అయినా విను. 1998 జూన్‌లో గైరోల (నౌక తిరిగే వేగం కొలిచే పరికరాల) సవరణ పెట్టుకున్నారు. ఆదేశాల వరుసను కుదించబోయి, గైరో ఏని మళ్ళీ తిప్పే ఆదేశం వదిలేశారు. గైరో బీని ఎక్కువ గుణకంలో ఉంచేసరికి అది ఉన్న వేగాన్ని ఇరవై రెట్లు చూపించింది. నౌక కంగారుపడి అత్యవసర స్థితిలోకి వెళ్ళింది. నేలమీద వాళ్ళు ఏ సున్నా చూపడం, బీ వేగం చూపడం చూసి, బీ పాడైందనుకుని దాన్ని ఆపేశారు. ఏ అసలు తిరుగుతోందా లేదా అని ఎవరూ చూడలేదు! ఆగిపోయినదాని మాట నమ్మి నౌక లేని జారుడును సరిదిద్దుతూ థ్రస్టర్లు (నౌకను తిప్పే చిన్న ఇంజన్లు) పేల్చుకుంది, గిర్రున తిరిగింది, పలకల మీద ఎండ తప్పిపోయింది. జూన్ 25న మాట పడిపోయింది.

నెల గడిచింది. జులై 23న ప్యూర్టోరికోలోని ఆరెసిబో నుంచి రాడార్ పంపితే కాలిఫోర్నియాలోని గోల్డ్‌స్టోన్ 70 మీటర్ల యాంటెన్నా పళ్ళేనికి ప్రతిధ్వని వచ్చింది. ఉన్నచోటే ఉంది, దాదాపు 53 సెకన్లకో చుట్టు తిరుగుతోంది. ఆగస్టు 3న క్యారియర్ (సమాచారం లేని వట్టి సంకేతం) తగిలింది, రెండు నుంచి పది సెకన్లు మాత్రమే. ఆ తర్వాత తొందరపడలేదు చూడు, అదీ నేర్చుకోవాల్సింది. ముందు బ్యాటరీ నింపారు, కాస్త టెలిమెట్రీ (నౌక తన స్థితి చెప్పే సమాచారం) తెచ్చుకున్నారు. ఇంధనం హైడ్రజీన్ 2 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది కదా, ముందు ట్యాంకు, తర్వాత గొట్టాలు, చివరికి థ్రస్టర్లు కరిగించారు. మధ్యలో గడ్డ మిగిలితే కరిగింది ఉబ్బి, పోయే దారి లేక గొట్టం పగులుతుంది. బ్యాటరీ తగ్గగానే హీటర్లు ఆపి, నింపి, మళ్ళీ మొదలుపెట్టేవారు. సెప్టెంబరు 16న మళ్ళీ సూర్యుడి వైపు తిరిగింది. పన్నెండు పరికరాలూ బతికాయి. డిసెంబరులో మూడో గైరో కూడా పోతే, గైరోలే లేకుండా నడిచే సాఫ్ట్‌వేర్ రాశారు.

బుజ్జిగాడు అంతా విని, "మామయ్య కూడా అలాగేనా?" అన్నాడు. వాడికి ఎవరు చెప్పారో! నీ వాట్సాప్‌లో నీలం టిక్కులు పడుతున్నాయి. అంటే క్యారియర్ ఉంది, టెలిమెట్రీయే లేదు.

ఏది వదిలినా సగంలో వదలకు. ఆ జ్వాలల జాబితా ముగించు, 2024 ఫిబ్రవరి 22 నాటి ఎక్స్6.3 పెద్ద జ్వాలతో సహా. డార్కులు, ఫ్లాట్లు (కెమెరా లోపాలు సవరించే చిత్రాలు) ఏ రోజువి వాడావో రాసిపెట్టు, నీ తర్వాత వచ్చే పిల్ల తిట్టుకోకూడదు. గైడుకి నోటిమాటగా కాదు, రాతలో చెప్పు. రాత్రి రెండింటి దాకా కూర్చుని, పొద్దున టిఫిను మానేసి, టీ మీద బతికేవాడికి ఏ రెడ్‌షిఫ్టూ సరిగా తేలదు. తలకి నూనె రాస్తున్నావా?

పార్సిల్ వేశాను. పలాస జీడిపప్పు, కందిపొడి, బరంపురం అప్పడాలు. కందిపొడి డబ్బా మూత వదులు, కవరులోనే ఉంచి విప్పు. ఊలు టోపీ నాన్న పెట్టమన్నారు, నేను కాదు. సంక్రాంతికి కోణార్క్ టికెట్టు వెయిటింగ్ లిస్టులో వేశారు. పలాసలో దిగు, నాన్న వస్తారు. రాలేకపోతే ఇప్పుడే చెప్పు, క్యాన్సిల్ చెయ్యడానికి టైముంటుంది.

రాజాబావతో మాత్రం ఏమీ అనకు. నేను రాశానని తెలిస్తే సుందరత్త దాకా పోతుంది, ఆవిడ నుంచి ఊరంతా.

అమ్మ