అద్దె రెగ్యులేటర్‌పై సర్వీసు తేదీ ఉండాలి

సంపాదకులకు నమస్కారాలు.

చెన్నైలోని తెలుగు కుటుంబాల్లో సెలవులు వస్తే స్కూబా డైవింగ్‌కు బయలుదేరేవారు తరచుగా కనిపిస్తున్నారు. నీలాంకరై, పుదుచ్చేరి మొదలుకొని విశాఖ రుషికొండ, అండమాన్ దీవుల వరకు వెళ్లి వస్తున్నారు. వారి ఉత్సాహం నాకెంతో సంతోషం కలిగిస్తోంది. అయితే నీటి అడుగున పరికరం చెడితే ఏమవుతుందో వారిలో చాలామందికి ఎవరూ చెప్పడం లేదన్న ఆందోళనతో ఈ లేఖ రాస్తున్నాను.

కొంతకాలం క్రితం చెన్నై తీరానికి దూరంగా, సుమారు 20 మీటర్ల లోతున ఉండగా, నేను అద్దెకు తీసుకున్న రెగ్యులేటర్ (సిలిండర్‌లోని గాలిని నోటికి అందించే పరికరం) నుంచి గాలి ఆగకుండా ఉరకడం మొదలైంది. చెవులు హోరెత్తాయి, బుడగల మధ్య ఎదుటి మనిషి కూడా కనిపించలేదు. డైవర్లు దీన్ని ఫ్రీ ఫ్లో అంటారు. రెగ్యులేటర్ పాడైనా గాలి నిలిచిపోకుండా, కవాటం తెరుచుకునే ఉండేలా సాధారణంగా దాన్ని తయారుచేస్తారు కాబట్టి, మౌత్‌పీస్‌ను గట్టిగా బిగించకుండా వదులుగా పట్టుకొని, ఎక్కువైన గాలిని పక్కలకు పోనిస్తూ కావలసినంత పీల్చుకోవచ్చు. శిక్షణలో దీన్ని పదేపదే సాధన చేయించిన ఇన్‌స్ట్రక్టర్‌కు నేను రుణపడి ఉన్నాను. అంతలో నాకు జతగా దిగిన డైవర్ (బడ్డీ) దగ్గరకు వచ్చి తన ఆక్టోపస్‌ను, అంటే అత్యవసరానికి అదనంగా ఉంచుకునే మౌత్‌పీస్‌ను అందించాడు. ఇద్దరం ఒకరినొకరు పట్టుకొని నెమ్మదిగా పైకి వస్తూ, 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగి, క్షేమంగా పడవ చేరుకున్నాం.

ఆ లోతున పీడనం ఉపరితలం మీద ఉన్నదానికి మూడు రెట్లు ఉంటుంది గనుక, ఫ్రీ ఫ్లో మొదలైతే నిండు సిలిండర్ కూడా కొద్ది నిమిషాల్లోనే ఖాళీ కావచ్చు. అంతకంటే పెద్ద ప్రమాదం భయం వల్ల వస్తుంది. ఈ సంగతి తెలియనివారు బెదిరిపోయి మౌత్‌పీస్‌ను ఉమ్మేసి, ఊపిరి బిగబట్టి పైకి ఎగబాకుతారు. 10 మీటర్ల లోతున ఊపిరితిత్తుల్లో ఉన్న 6 లీటర్ల గాలి ఉపరితలానికి చేరేసరికి 12 లీటర్లంత వ్యాకోచిస్తుంది. దానికి బయటకు దారి లేకపోతే ఊపిరితిత్తులు చిరిగి, గాలి బుడగలు రక్తంలో కలిసి మెదడుకు చేరవచ్చు. తక్కువ లోతు కదా అని ధైర్యపడడానికి వీల్లేదు, ఎందుకంటే ఈ వ్యాకోచం ఉపరితలానికి దగ్గరలోనే అత్యంత వేగంగా జరుగుతుంది.

ఒడ్డుకు వచ్చాక ఆ రెగ్యులేటర్‌ను విప్పి చూపించమని కోరాను. లోపలి కవాటం ఆనే రబ్బరు భాగం అరిగిపోయి ఉంది, చుట్టూ ఉప్పు గట్టిపడి ఉంది. మంచినీటితో సరిగా కడగకుండా ఆరబెడితే ఉప్పు ఇలాగే పేరుకుంటుంది. చివరిసారి ఎప్పుడు సర్వీసు చేశారని అడిగితే నిర్వాహకుల దగ్గర జవాబు లేదు. సిలిండర్ భుజం మీద పీడన పరీక్ష జరిగిన తేదీ చెక్కి ఉంటుంది. మన ఊపిరి ఆధారపడిన రెగ్యులేటర్‌పై మాత్రం అద్దెకు తీసుకునేవారికి కనిపించే తేదీ ఏదీ ఉండదు. ఇది న్యాయమని నేను అనుకోను.

దిగబోయేవారు ఒడ్డునే సిలిండర్‌లోని గాలి పీడనాన్ని చూపే గేజ్‌ను చూస్తూ నాలుగైదుసార్లు గాలి పీల్చాలి. పీల్చినప్పుడల్లా ముల్లు కిందికి పడుతుంటే సిలిండర్ వాల్వ్ పూర్తిగా తెరవలేదని అనుమానించాలి. గొట్టాల చివర్లలో పగుళ్లు, ఉబ్బులు ఉన్నాయేమో తడిమి చూడాలి. ఒక్కరోజు సరదాకు వచ్చినవారికి సైతం ఊపిరి బిగబట్టకూడదని, గాలి ఉరికితే ఏం చేయాలో, కనీసం నడుం లోతు నీటిలో నిలబెట్టి నేర్పించాలి.

ప్రతి అద్దె రెగ్యులేటర్‌కు సర్వీసు తేదీ తెలిపే చీటీ కట్టాలని, నీటిలో తలెత్తిన ప్రతి లోపాన్ని తేదీ, లోతు, పరికరం సంఖ్యతో పుస్తకంలో రాసి అడిగినవారికి చూపించాలని తమిళనాడు, ఆంధ్రప్రదేశ్ పర్యాటక శాఖలు డైవింగ్ కేంద్రాలను ఆదేశించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
తిరువాన్మియూర్, చెన్నై