ఆరు కథలకు ఒకే తూకమా?

సంపాదకులకు నమస్కారం.

జపాన్ స్టూడియోలు తీసిన ‘బ్యాట్‌మన్: గోథమ్ నైట్’ యానిమేషన్ చిత్రంపై మీ ఆదివారం సంచికలో వేసిన ప్రేక్షకుల అభిప్రాయాలు శ్రద్ధగా చదివాను. మెచ్చుకున్నవారూ ఉన్నారు, పెదవి విరిచినవారూ ఉన్నారు. అయితే ఆరుగురు రచయితలు రాసి, ఆరుగురు దర్శకులు తీసిన ఆరు కథలను ఒకే సినిమాగా లెక్కగట్టి, ‘బాగుంది’ అనో ‘అతుకులబొంత’ అనో ఒక్క మాటలో తేల్చేయడంలో మాత్రం ఇరుపక్షాలూ ఏకమయ్యాయి. ఆ పద్ధతి వల్ల ఇందులో నిజంగా గొప్పగా ఉన్నవాటికి దక్కాల్సిన మెప్పు దక్కలేదు, పేలవంగా ఉన్నవాటికి తగలాల్సిన విమర్శా తగలలేదు.

ముందుగా ఎక్కువమంది చేసిన ఫిర్యాదు సంగతి చూద్దాం. కథ మారినప్పుడల్లా కథానాయకుడి ముఖం, ఒడ్డూపొడుగూ, ముసుగు ఆకారం సైతం మారిపోతున్నాయనీ, దానితో ఒకే మనిషిని చూస్తున్నామన్న నమ్మకం కుదరడం లేదనీ చాలామంది రాశారు. ఈ ఫిర్యాదుకు జవాబు మొదటి కథలోనే ఉంది. షోజిరో నిషిమి దర్శకత్వం వహించిన ‘హ్యావ్ ఐ గాట్ ఎ స్టోరీ ఫర్ యూ’లో స్కేట్‌బోర్డులాడే కుర్రాళ్లు ఒకచోట చేరి, ఆ రోజు తమ కళ్లతో చూసిన బ్యాట్‌మన్ గురించి పోటీపడి చెప్పుకుంటారు. ఒకరికి అతడు పొగలా కరిగిపోయే నీడ, మరొకరికి రెక్కలు విప్పిన మృగం, ఇంకొకరికి ఇనుప యంత్రం. చివరికి అసలు మనిషే గాయపడి వాళ్ల ముందుకు వచ్చి పడినప్పుడు, అతడిలో ఇవేవీ కనబడవు. ఒక పాఠకుడు దీన్ని అంధగజ న్యాయం అన్నారు. నాకు అలా అనిపించలేదు. ఏనుగును తడిమిన అంధుల్లో ఒక్కొక్కరికి ఒక్కో అవయవమే అందింది. ఈ కుర్రాళ్లు మాత్రం మనిషిని నిలువెత్తునా చూసి, తమ భయానికీ సరదాకూ తగినట్టు అతణ్ణి కొత్తగా కల్పించుకున్నారు. తర్వాత వచ్చే దర్శకులందరూ చేసింది అదే పని. అంటే ముఖాలు మారడం పొరపాటున దొర్లినది కాదు, చిత్రం మొదట్లోనే ప్రేక్షకుడితో కుదుర్చుకున్న ఒప్పందం.

పైగా ఈ పాత్రకు ఒకే రూపం ఏనాడూ లేదు. 1939లో అమెరికన్ కామిక్ పుస్తకంలో పుట్టిన ఈ నాయకుణ్ణి 1966లోనే జిరో కువాతా అనే చిత్రకారుడు జపాన్ పిల్లల పత్రిక కోసం తన పద్ధతిలో గీశాడు. కాబట్టి జపాన్ చేతుల్లో పడి బ్యాట్‌మన్ పాడైపోయాడని బాధపడిన పాఠకులు, అక్కడ అతడికి అంత పాత చరిత్ర ఉందని గమనించాలి.

ఆరు కథలనూ కలిపి ఉంచేది బొమ్మ కాదు, గొంతు. 1992 నాటి టెలివిజన్ ధారావాహిక నుంచీ ఈ పాత్రకు గాత్రమిచ్చిన కెవిన్ కాన్రాయ్ ఇందులోనూ అన్ని కథల్లో వినిపిస్తాడు. కానీ చిత్రంలో నిజంగా పొసగని చోటు కూడా ఈ గొంతు దగ్గరే ఉంది. ‘ఫీల్డ్ టెస్ట్’ కథలో ముసుగు తీసిన బ్యాట్‌మన్, అంటే బ్రూస్ వేన్, సన్నని చుబుకంతో, నుదుటి మీద పడే జుత్తుతో, ఇంకా చదువు పూర్తికాని కుర్రవాడిలా ఉంటాడు, ఆ నోటి నుంచి నడివయసు దాటిన మనిషి గంభీర స్వరం వస్తుంటే చూస్తున్నవారికి ఎబ్బెట్టుగా ఉంటుంది. ముఖాలు మారాయని రాసినవారు ఈ ఒక్క కథను పట్టుకుని ఉంటే వారితో నేనూ గొంతు కలిపేవాణ్ణి.

‘బొమ్మలు ఆగి ఆగి కదులుతున్నాయి’ అన్న ఫిర్యాదులో కొంత నిజముంది, కొంత అలవాటు తేడా ఉంది. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు నడుస్తాయి. ప్రతి ఫ్రేముకూ కొత్త బొమ్మ గీయకుండా, ఒక్కో బొమ్మను రెండు మూడు ఫ్రేముల పాటు నిలిపి ఉంచడం జపాన్ యానిమేషన్‌లో మామూలు. అంటే సెకనుకు పన్నెండు, ఒక్కోసారి ఎనిమిది బొమ్మలే ఉంటాయి. 1963లో ‘ఆస్ట్రో బాయ్’ను టెలివిజన్ కోసం వారం వారం తీయవలసి వచ్చినప్పుడు తక్కువ ఖర్చులో, తక్కువ వ్యవధిలో పని గట్టెక్కించడానికి ఈ పొదుపు స్థిరపడింది, ఆ తర్వాత అదే ఒక శైలిగా ఎదిగింది. మామూలు సన్నివేశాల్లో మిగుల్చుకున్న శ్రమను అవసరమైన క్షణంలో ధారపోయడం ఇందులోని నేర్పు. మొదటి కథలో స్కేట్‌బోర్డు మీద కుర్రవాడు ఒంటి బరువును ఒక కాలి మీది నుంచి మరో కాలి మీదికి మార్చడం చూడండి. బొమ్మకు ఎముకలూ కండలూ ఉన్నట్టు నమ్మించడం అంటే అదే. ‘క్రాస్‌ఫైర్’లో మాత్రం ఇద్దరు పోలీసులు కారులో కూర్చుని వాదించుకునేంతసేపూ పెదవులు తప్ప మరేదీ కదలదని విసుక్కున్న పాఠకురాలితో నేను వాదించను.

ఆ పోలీసుల వాదన మాత్రం విలువైనదే. చట్టాన్ని కాపాడాల్సిన పోలీసు శాఖ ఒక ముసుగు మనిషికి పని అప్పగించి చేతులు దులుపుకుంటోందని వారిలో ఒకడైన క్రిస్పస్ ఆలెన్ మండిపడతాడు. ఆ ప్రశ్నకు జవాబు మాటల్లో దొరకదు; రెండు ముఠాల తూటాల మధ్య చిక్కుకున్న అతణ్ణి ఆ ముసుగు మనిషే వచ్చి కాపాడడంతో కథ ముగుస్తుంది. ప్రాణం కాపాడినంత మాత్రాన సందేహం తీరినట్టేనా? పన్నెండు నిమిషాల నిడివిలో ఇంతకన్నా లోతుకు వెళ్లడం కష్టమే కావచ్చు, కానీ వేసిన ప్రశ్నను కాల్పుల హోరులో వదిలేయడం రచనలోని లోపమే తప్ప నిడివిలోని లోపం కాదు.

కథలు పలుచగా ఉన్నాయన్న విమర్శకు అసలు కారణం వేరే ఉంది. ఈ చిత్రం 2008 జులైలో, ‘ది డార్క్ నైట్’ థియేటర్లలోకి రావడానికి సరిగ్గా పది రోజుల ముందు, నేరుగా డీవీడీల రూపంలో వచ్చింది. ‘ది డార్క్ నైట్’కూ, దానికి ముందు వచ్చిన 2005 నాటి ‘బ్యాట్‌మన్ బిగిన్స్’కూ మధ్య కాలంలో జరిగిన కథలుగా వీటిని ప్రకటించారు. వంతెన కట్టమని పురమాయిస్తే ఎవరైనా రెండు ఒడ్డుల కొలతకే కడతారు. కథలు రాసింది అమెరికాలో, బొమ్మలు గీసింది జపాన్‌లో. అందుకే ‘ఇన్ డార్క్‌నెస్ డ్వెల్స్’ వంటి చోట యసుహిరో అవొకి బృందం నేల కింది సొరంగాలను, వాటిలో పొంచి ఉన్న కిల్లర్ క్రాక్‌ను ఒళ్లు జలదరించేలా చిత్రించినా, కథ మాత్రం విలన్ల జాబితాలో మరో పేరుకు టిక్కు పెట్టి ముందుకు సాగిపోతుంది.

ఈ సంకెళ్ల నుంచి బయటపడిన కథ ఒక్కటే ఉందని నా అభిప్రాయం. విచిత్రంగా, మీ పాఠకుల్లో ఎక్కువమంది ‘నెమ్మదిగా ఉంది’ అంటూ పక్కన పెట్టింది దాన్నే. తోషియుకి కుబోవొకా దర్శకత్వంలో వచ్చిన ‘వర్కింగ్ త్రూ పెయిన్’లో కడుపులో తూటా దిగిన బ్యాట్‌మన్ మురుగు సొరంగాల్లో కాళ్లీడ్చుకుంటూ వెళుతుంటాడు, నొప్పిని అదుపు చేసుకోవడం నేర్చుకునేందుకు ఒకప్పుడు భారతదేశానికి వెళ్లి, కసాండ్రా అనే స్త్రీ దగ్గర శిష్యరికం చేసిన రోజులు మధ్యమధ్య గుర్తొస్తుంటాయి. మన దేశాన్ని మళ్లీ ఫకీర్లూ రహస్య విద్యలూ నిండిన చోటుగానే చూపించారన్న ఆక్షేపణ న్యాయమైనదే, దాన్ని కాదనను. కానీ అదే కథ, ఆడదన్న కారణంతో ఆ ఫకీర్లు వెలివేసిన మనిషినే గురువుగా నిలబెట్టి, వారి గొప్పదనాన్ని ఒక మెట్టు కిందికి దించిందని కూడా గుర్తించాలి. ఇక ముగింపు గురించి ఎవరూ రాయకపోవడం నాకు ఆశ్చర్యం కలిగించింది. చెత్తలో ఎవరో పారేసిన తుపాకులు అతడికి దొరుకుతాయి. ఒకదాని తర్వాత ఒకటి ఏరి రెండు చేతుల నిండా పోగేసుకుంటాడు. పైనుంచి అతడి ఇంటి సేవకుడు ఆల్‌ఫ్రెడ్ చెయ్యి చాచి అందుకోమంటాడు. తుపాకులు వదిలితే తప్ప చెయ్యి అందదు, అతడు వాటిని వదలలేడు. తూటాలకు తల్లిదండ్రులను పోగొట్టుకున్న పిల్లవాడి గురించి ఇంత పొదుపుగా, ఇంత నిష్కర్షగా చెప్పిన చోటు ఈ చిత్రంలో మరొకటి లేదు. చివరి కథ ‘డెడ్‌షాట్’ కూడా తుపాకీ గురించే మాట్లాడుతుంది గానీ, ఇక్కడ చూపించిన దాన్నే అక్కడ మాటల్లో విప్పి చెబుతుంది.

ఇంత రాసిన తర్వాత మీకు రెండు విన్నపాలు. ఇలాంటి కథల సంపుటాలపై అభిప్రాయాలు ప్రచురించేటప్పుడు మొత్తానికి ఒకే నక్షత్రాల లెక్క వేయకుండా, ఏ కథ గురించి ఎవరేమన్నారో విడివిడిగా ఇవ్వండి. ప్రతి కథ కింద దర్శకుడి పేరూ స్టూడియో పేరూ వేయండి. ఈ ఆరు కథల్లో స్టూడియో ఫోర్ డిగ్రీస్ సి, మ్యాడ్‌హౌస్ చెరో రెండు తీశాయనీ, ప్రొడక్షన్ ఐజీ, బీ ట్రెయిన్ చెరొకటి తీశాయనీ తెలిస్తే, తనకు నచ్చిన గీత ఎవరిదో పోల్చుకుని వారి మిగతా చిత్రాలను వెతుక్కోవడానికి పాఠకుడికి దారి దొరుకుతుంది. రెండవది, బొమ్మల చిత్రం కదా అని ఈ అభిప్రాయాలను మీరు పిల్లల పేజీలో వేశారు. అమెరికాలో దీనికి పదమూడేళ్ల లోపు పిల్లల విషయంలో తల్లిదండ్రులు జాగ్రత్త వహించాలని హెచ్చరించే పీజీ-13 రేటింగ్ ఇచ్చారు. రక్తం, తుపాకులు, హత్యలు నిండుగా ఉన్న చిత్రం ఇది. మరోసారి ఇటువంటి చిత్రాల ప్రస్తావన వస్తే, దయచేసి సినిమా పేజీలోనే చోటివ్వండి.

భవదీయుడు,
ఒక పాఠకుడు